అయిదింటి దాకా నేనే ప్లేస్‌మెంట్ ఆఫీసర్ని

అధ్యక్ష స్థానంలో ఉన్న మా కాలేజీ సెక్రటరీ అప్పాజీ గారికి, హైదరాబాదులో పనులన్నీ ఆపుకుని వచ్చిన ముఖ్య అతిథి, నా పాత శిష్యుడు మురళీకృష్ణ గారికి, ఇన్నేళ్లూ నాతో పాటు మన క్యాంటీన్ టీ తాగి కూడా ఆరోగ్యంగా ఉన్న తోటి అధ్యాపకులకు (నవ్వులు), మండపేట నుంచి వచ్చిన పెద్దలకు, వెనక వరసల్లో కూర్చుని ఈయన ఎప్పుడు ముగిస్తాడా అని చూస్తున్న ఫైనలియర్ పిల్లలకు, ముందు వరసలో కూర్చుని అదే మాట అనుకుంటున్న మా ఆవిడకు, నమస్కారమండి.

శాలువా కప్పారు, దండ వేశారు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె చేతిలో పెట్టారు. అప్పాజీ గారైతే త్రిమూర్తులు లేకపోతే ఈ కాలేజీయే లేదన్నారు. నాకు పొగడ్తలు అలవాటు లేదండి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ని ఎవరు పొగుడుతారు? ఉద్యోగం వస్తే అది పిల్లాడి తెలివి, రాకపోతే త్రిమూర్తులు చేతకానితనం. (నవ్వులు) ఆ మాటలు పడీ పడీ చర్మం మందమెక్కింది, అందుకే ఈ శాలువా వెచ్చదనం ఇంకా లోపలికి దిగలేదు.

అయితే ఒక సంగతి ఉందండి. నా ఉద్యోగం ఈ సాయంత్రం అయిదింటి దాకా ఉంది. ఇప్పుడు నాలుగు దాటింది. ఈలోపు నేనొక ఫోను చెయ్యాలి. చెయ్యొద్దని అప్పాజీ గారు మధ్యాహ్నం భోజనాల దగ్గర నాకు చెప్పారు, చాలా మర్యాదగానే చెప్పారు, గారెలు వడ్డిస్తూ చెప్పారు. అప్పాజీ గారూ, మీరలా మైకు కుర్రాడి వైపు చూడకండి. వీడ్కోలు సభలో వెళ్లిపోయేవాడి మైకు ఆపేసిన కాలేజీ అని పేరొస్తే అడ్మిషన్లకి మంచిది కాదు. (నవ్వులు, కొందరివే)

మొదటి ఉద్యోగం బాధ ఇక్కడున్న పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేసినా ఎక్స్‌పీరియెన్స్ ఎంత అంటారు. ఇప్పుడే చదువు అయిందండి అంటే, అయితే తర్వాత చూద్దాం అంటారు. ఒకరు ఉద్యోగం ఇస్తేగా అనుభవం వచ్చేది? మన మండపేట మిల్లుల్లో బస్తాలు మోసేవాడికైనా మొదటి రోజు ఎవరో ఒకరు నమ్మి బస్తా భుజానికెత్తారు కదండీ. ఈ మధ్య మరీ గడ్డుగా ఉంది. పొద్దున్నే నేను గది తాళం తీసేసరికి పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. ఏమైనా వచ్చిందా సార్ అని అడగడం కూడా మానేశారు, నా మొహం చూసి వెళ్లిపోతున్నారు.

దీనికి మురళీకృష్ణ గారు ఒక మార్గం కనిపెట్టారు. మురళీ, నిన్ను గారు అనడానికి నా నోరు తిరగడం లేదు, ఏమీ అనుకోకు. నా చేతుల మీదుగా మొదటి ఉద్యోగానికి వెళ్లినవాడివి నువ్వు. రావులపాలెంలో నిన్ను బస్సెక్కించినప్పుడు నీకు ఏ అనుభవమూ లేదు, అడిగినవాళ్లకి లేదనే చెప్పావు. ఇప్పుడు నీ కన్సల్టెన్సీలో నిన్నగాక మొన్న చదువైన పిల్లలకి మూడేళ్లు పని చేసినట్టు కాగితాలు పుట్టిస్తున్నావు. ఎలా మాట్లాడాలో, ఏ ప్రాజెక్టు చేశామని చెప్పాలో నేర్పిస్తున్నావు. దాన్ని మీరు ప్రొఫైల్ పెట్టడం అంటారట. మా ఇంట్లో అబద్ధమనే అంటాం. రేపటి నుంచి నా కుర్చీలో మురళి పంపిన మనిషి కూర్చుంటాడు. కాలేజీకీ మురళికీ ఆ ఒప్పందం మీద సంతకాలు ఈ సభ అయ్యాక.

ఇక వీరదుర్గ సంగతి. మూడో వరసలో తల వంచుకుని కూర్చుంది, అందరూ ఒకేసారి అటు తిరక్కండి. అంతర్వేది దగ్గర సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబం. మొన్న ఏప్రిల్లో చదువు పూర్తయింది. ఇంట్లో తొందరపడుతుంటే మురళి దగ్గర చేరింది. పోయిన వారం హైదరాబాదు కంపెనీ ఒకటి వీడియోలో ఇంటర్వ్యూ పెట్టింది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ నిలబడదని మన ల్యాబ్‌కి వచ్చింది. నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. కంపెనీ తరఫున మొదట మాట్లాడిన కుర్రాడికి నేర్పినట్టే చెప్పుకుపోయింది, మూడేళ్లూ ఏమేం చేసిందో గడగడా. అంతలో వాళ్ల మేనేజరు తెర మీదకి వచ్చాడు, జుట్టు నెరిసిన పెద్దాయన. ఈ అమ్మాయి లేచి నిలబడింది.

మన కాలేజీలో అంతే కదండీ, గదిలోకి పెద్దవాళ్లు ఎవరొచ్చినా, ఆఖరికి సర్క్యులర్ పట్టుకుని అటెండరు వచ్చినా, క్లాసంతా లేచి నిలబడాల్సిందే. ఆ అలవాటు కాళ్లలో ఉండిపోయింది. తెర మీద ఈమె మొహం పోయి చున్నీ అంచు మాత్రం మిగిలింది. ఆయన కూడా తెలుగువాడే, "ఏ ఆఫీసులో అమ్మా ఇలా లేచి నిలబడతారు?" అని అడిగాడు.

ఈ అమ్మాయి కూర్చోలేదు. నిలబడే, "ఆఫీసు కాదండి, మా కాలేజీ అలవాటండి. నేను ఇంకెక్కడా పని చెయ్యలేదండి" అంది.

ఆయన కాల్ కట్ చేసేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. కూర్చోమన్నాడు, కాసేపు ప్రశ్నలు వేశాడు. సగం చెప్పింది, సగం తెలియదండి అంది. మూడేళ్ల అనుభవం కావలసిన పోస్టు ఇవ్వను గానీ ట్రైనీగా తీసుకుంటానన్నాడు. కాకపోతే కన్సల్టెన్సీ ఈమె మూడేళ్లు పని చేసిందంటోంది, ఈమె లేదంటోంది. నిజంగా ఫ్రెషరేనని ఈ రోజు అయిదు లోపు కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు నోటితో చెప్పాలి. లేకపోతే ఆ సీటు వేరేవాళ్లకి. రేపు నా కుర్చీలో కూర్చునే మనిషి చెప్పడు కదండీ.

మురళికి దీంతో ఇబ్బందే. అదే కంపెనీలో అతను ఇలాగే పంపినవాళ్లు ఇంకా ఉన్నారు, నేను ఫోను చేస్తే వాళ్ల కాగితాలూ తిరగేస్తారు. అందులో మన ల్యాబ్ అటెండరు గంగరాజు కొడుకు దుర్గాసాయి ఒకడు. గంగరాజు స్కూటరు వెనక కూర్చుని నేను ఎన్ని వానల్లో ఇల్లు చేరానో చెప్పలేను. పొద్దున్న వెళ్లి ఇదంతా చెప్పాను. "మావాడి జీతంతోనే మా అమ్మకి కంటి ఆపరేషనైంది సార్. చెయ్యమని నా నోటితో అనలేనండి" అన్నాడు. నేను, "నా అంతట నేను మీవాడి పేరెత్తను గంగరాజూ, కానీ అడిగితే అబద్ధం చెప్పలేను" అన్నాను. లోపలికి వెళ్లిపోయాడు. అయినా ఇందాక ఈ దండ నా మెడలో వేసింది ఆయనే. ఇది వేసుకుని ఆ ఫోను చెయ్యడం నాకు ఎంత కష్టంగా ఉందో, భయంగా కూడా ఉందో, దాచుకోవడం చేతకాక చెబుతున్నాను.

ఒకణ్ణి కాపాడాలంటే ఇంకొకరిని అబద్ధాలకోరుని చెయ్యాలి. అది నా వల్ల కాదండి. పిల్లలూ, అనుభవం లేకపోవడం తప్పు కాదని మీకు రోజూ చెప్పినవాణ్ణి, ఈ పూట నోరు మూసుకుని శాలువాతో ఇంటికి వెళ్లలేను.

నన్ను ఇన్నాళ్లు భరించిన యాజమాన్యానికి, సహోద్యోగులకు, నా మీద కోపమొచ్చినా వచ్చి కూర్చున్న మురళికి, అందరికీ కృతజ్ఞతలు. మీ అందరి ముందే ఫోను చేస్తున్నాను. మైకు ఉండనివ్వు బాబూ.

(ఫోనులో) నమస్కారమండి. మండపేట దగ్గర కాలేజీ నుంచి, ప్లేస్‌మెంట్ ఆఫీసరు త్రిమూర్తుల్ని. వీరదుర్గ గురించండి. అవునండి, మా అమ్మాయే. మొన్న ఏప్రిల్ దాకా ఇక్కడే చదివింది. లేదండి, ఎక్కడా పని చెయ్యలేదు. ఏ అనుభవమూ లేదండి.

(ఆగి) చెప్పండి. ఇంకొకరా?

(విని) దుర్గాసాయా? అవునండి, అతనూ మావాడే. మీ దగ్గర చేరేనాటికి అతనికీ ఏమీ లేదండి. కానీ అప్పట్నించి మీ దగ్గరే పని చేస్తున్నాడు కదండీ. ఆ అనుభవం ఎవరూ పుట్టించింది కాదు, మీ కళ్ల ముందు వచ్చింది. అతని పని చూసి నిర్ణయించండి, నేను అడిగేది అంతే. ఉంటానండి.

గంగరాజూ, నువ్వు తలుపు తియ్యకపోయినా రేపు పొద్దున్న మీ ఇంటికొస్తాను. మిగతా అందరికీ, సెలవు.