లేచేదెవరు?

అందరికీ నమస్కారం.

ముందు వరుసలో కూర్చున్న, అక్క తోడబుట్టిన చెల్లెమ్మకు, ఆమె భర్త బావగారికి, క్లాసులు మానుకుని వచ్చిన మాస్టార్లకు, మేడమ్‌లకు, లాబ్ సిబ్బందికి, మన లినక్స్ సంఘం మిత్రులకు నమస్కారం. పోయిన వారం మనల్ని విడిచి వెళ్లిపోయిన అక్క కోసం ఇవాళ ఇక్కడ కూడాం. సంఘం వాళ్లకు ఈ గది కొత్త కాదు. ఫిజిక్స్ లాబ్ వెనక గది. ఇప్పుడు ఆమె ఫోటో పెట్టిన ఆ మూల బల్ల మీద ఒకప్పుడు మూత ఊడదీసిన కంప్యూటరు ఉండేది. కుర్చీలు కూడా అవే. కాలు ఊగే కుర్చీ ఎవరికి దక్కిందో వాళ్లు కాస్త జాగ్రత్తగా కూర్చోండి.

నన్నే ఎందుకు మాట్లాడమన్నారో నాకు తెలుసు. మిగతావాళ్లందరూ నాకంటే ముందే తప్పించుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. అవకాశం దొరికితే నేనూ అదే చేసేవాణ్ణి. ఇలాంటి సభలో మాట్లాడేవాడి గొంతులో దుఃఖం ఉండాలి. నాకు దుఃఖం ఉంది. కానీ దానికంటే ముందు సిగ్గు ఉంది. అది అడ్డం తొలగితే తప్ప దుఃఖం కూడా సరిగ్గా రావడం లేదు. ఈ మాట బయటికి అనకుండా నాలుగు పొగడ్తలు చదివేసి దిగిపోవచ్చు. కానీ అలా చేస్తే అక్క ఒప్పుకుంటుందా? ఆమె సంగతి తెలిసిన మీరే చెప్పండి.

కాలేజీలో ఆమె ఫిజిక్స్ మేడమ్. మాకు లాగక్క. చెల్లెమ్మకు ఈ పేరు వింతగా ఉండొచ్చు. కంప్యూటరు తాను చేసే పనులన్నీ ఎప్పటికప్పుడు ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. దాన్ని లాగ్ అంటారు. ఎవరు ఏ కష్టం మోసుకొచ్చినా అక్క మొదటి మాట ఒకటే. ‘లాగ్ ఏమంటోంది?’ అలా లాగ్ అక్క, పలికీ పలికీ లాగక్క అయింది. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం మన నోట్లోంచి నిజం లాగుతుంది కాబట్టి లాగక్క అనుకునేవాళ్లు. వాళ్లు అనుకున్నదీ తప్పు కాదు.

లినక్స్ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులవి. పత్రికతో పాటు ఒక సీడీ ఉచితంగా ఇచ్చేవాళ్లు. దాన్ని కంప్యూటర్లో ఎక్కించడమే ఒక యజ్ఞం. ఎక్కితే తెర వచ్చేది కాదు, తెర వస్తే శబ్దం వచ్చేది కాదు, రెండూ వస్తే ప్రింటరు అలిగేది. ఉచితంగా వచ్చిన సరుకు కాబట్టి వెళ్లి నిలదీయడానికి దుకాణం లేదు. ఒకరికొకరం దిక్కు. ఆదివారాలు ఈ గది, మిగతా రోజుల్లో అక్క నడిపే మెయిలింగ్ లిస్టు. ఒకరు కష్టం రాస్తే అందరికీ చేరుతుంది, తెలిసినవాళ్లు జవాబిస్తారు. అంతే మన సంఘం.

నేను ప్రెస్సులో పేజీలు పేర్చేవాణ్ణి. మొదటిసారి ఈ గదికి వచ్చినప్పుడు కంప్యూటరును సంచిలో పెట్టుకుని చంటిపిల్లలా చేతుల్లో ఎత్తుకుని వచ్చాను. ‘పని చేయట్లేదండీ’ అన్నాను. అక్క నా ముఖం చూసి అడిగింది: ‘పని చేయకపోతే మరేం చేస్తోంది?’ నాకు అర్థం కాలేదు. పని చేయనిది ఏం చేస్తుంది? నల్లగా ఉందన్నాను. నలుపు మీద ఏమైనా ఉందా అంది. రెండు అక్షరాలున్నాయన్నాను, అవి ఎవరికి కావాలన్నట్టు. ఆమె ముఖం వెలిగిపోయింది. లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండేది. దాని పేరులో నాలుగు అక్షరాలు. లేస్తూ లేస్తూ ఒక్కో అడుగుకీ తన పేరులో ఒక్కో అక్షరం తెరమీద వేసేది. ఎన్ని అక్షరాల దగ్గర ఆగిందో చూస్తే ఎక్కడ పడిపోయిందో తెలుస్తుంది. నాది సగం పేరు చెప్పి ఆగిపోయింది.

‘పాపం, అది పేరు కూడా పూర్తిగా చెప్పలేక చెబుతోంది. మీరేమో పని చేయట్లేదని చాడీలు చెబుతున్నారు’ అంది. గదంతా నవ్వింది. తర్వాత మెల్లగా లాగితే అసలు సంగతి బయటపడింది. అంతకుముందు రోజు నేను ఫైళ్లన్నీ చిందరవందరగా ఉన్నాయని ఇల్లు సర్దినట్టు సర్దాను. లేపే ప్రోగ్రాముకు కావలసిన ఫైలును కూడా తీసి వేరేచోట పెట్టాను. అది పాత చోట వెతుక్కుని, దొరక్క ఆగిపోయింది. ఫ్లాపీతో లేపి, ఒక్క కమాండ్ మళ్లీ నడిపిస్తే నాలుగు అక్షరాలూ వచ్చాయి. నేను చేతులు జోడించబోతే ఆపేసి, ఏం జరిగిందో లిస్టుకు రాయమంది. ఫైళ్లు సర్దిన సంగతి కూడానా అన్నాను. ముందు అదే రాయమంది.

మిత్రులారా, ఆమె దగ్గర మనం నేర్చుకున్నది కమాండ్లనుకున్నాం. కమాండ్లు ఇప్పుడు ఎవరికి గుర్తున్నాయి? ఆమె నేర్పింది వినడం. మనిషి నోటి నుంచి వచ్చే మొదటి మాట దగ్గర ఆగిపోవద్దని నేర్పింది. ‘పని చేయట్లేదు’ అనేది సమాధానం కాదు. ‘ఏదో అయింది’ అనేది సమాధానం కాదు. అన్నిటికంటే ఆమెకు ఒళ్లు మండే మాట ఇంకొకటుంది. ‘సర్దుకుంది, థాంక్స్.’

ఇక్కడ లెక్కల మాస్టారున్నారు. ఆయన అనుమతి తీసుకునే ఈ సంగతి చెబుతున్నాను. ఒకసారి ఆయన ఇంట్లో లినక్స్ నుంచి ఇంటర్నెట్ రావడం మానేసింది. లిస్టులో అడిగారు. సంఘమంతా రంగంలోకి దిగింది. మోడెం అన్నారు ఒకరు, డ్రైవరన్నారు ఇంకొకరు, ఏవో సెట్టింగులు పేజీల కొద్దీ రాశారు. మాస్టారి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒక్క ముక్క వచ్చింది: ‘సర్దుకుంది, థాంక్స్.’ ఎలా సర్దుకుందని అక్క రాసింది. జవాబు లేదు. మళ్లీ రాసింది. లేదు. స్టాఫు రూములో అడిగింది. మాస్టారికి క్లాసు గుర్తొచ్చింది. చివరికి ఒక ఆదివారం ఆయన ఇంటికే వెళ్లి కూర్చుంది. వాళ్లావిడ ఇచ్చిన కాఫీ తాగింది, పిల్లల చదువులు అడిగింది, కదల్లేదు. అప్పుడు మాస్టారు తలొంచుకుని చెప్పారు. ఇల్లు ఊడుస్తుంటే వైరు ఊడిందట. అంతే.

అక్క నవ్వలేదు. అందరం అనుకున్నట్టు వేళాకోళం చేయలేదు. ఆ సాయంత్రం లిస్టుకు రాసింది: ‘వైరు ఊడింది. ఇది కూడా జవాబే.’ కింద ఇంకో వాక్యం: ‘చెప్పడానికి సిగ్గుపడే జవాబే రేపు ఇంకొకరికి అక్కరకొస్తుంది.’ ఆ తర్వాత ఎన్నిసార్లు, ఎంతమంది, ముందు వైరు చూసుకుని బయటపడ్డామో మనకు తెలుసు. మాస్టారు కూడా ఇప్పుడు నవ్వుతున్నారు, చూడండి.

ఆమెది మెత్తటి స్వభావమని నేను అనను. చనిపోయినవాళ్లందరినీ మెత్తగా చేసేయడం మనకు అలవాటు. అక్క గొంతు పెద్దది. మాట కటువు. ఆదివారం ఎవరైనా తమ ఇంట్లో, దుకాణంలో ఉన్న కష్టం చెప్పుకుంటే, విన్నాక ఆమె గదంతా కలయజూసి ఒకటే అడిగేది: ‘లేచేదెవరు?’ అంటే, ఈ మనిషి వెంట వెళ్లేదెవరని. ఆ మాట వినగానే మనం ఏం చేసేవాళ్లం? అందరం ఫ్యాను వైపు చూసేవాళ్లం. ఆ ఫ్యానును ఈ గదిలో చూసినంతగా ఇంకెక్కడా ఎవరూ చూసి ఉండరు. ఆమె తొందరపడేది కాదు. ఎవరో ఒకరు లేచేవరకు రెండో ప్రశ్నకు వెళ్లేది కాదు.

నేను మొదటిసారి లేచింది సేవ చేద్దామని కాదు. కాలు తిమ్మిరెక్కి లేచాను. ‘మంచిది, ప్రెస్సు తమ్ముడు లేచాడు’ అంది. కాదక్కా, తిమ్మిరి అన్నాను. ‘నడిస్తే పోతుంది, వెళ్లిరా’ అంది. అలా మన ఇంటర్నెట్ షాపు వదినగారి దుకాణానికి వెళ్లాను. నాకు ఏమీ రాదు. అక్కడ కూర్చుని, మెషీన్ ఏమంటే అది ఫోన్లో అక్కకు చదివి వినిపించాను, ఆమె చెప్పింది టైపు చేశాను. సాయంత్రానికి షాపు నడిచింది. తిరిగి వస్తుంటే నేనేదో సాధించినట్టు ఛాతీ ఉబ్బింది. ఇంటికి పిలిస్తే వెళ్లడం ఆనాటి నుంచీ అలవాటైంది.

ఇక్కడిదాకా చెప్పడం సులువే. ఇక ముందుది చెప్పాలి.

రోజులు మారాయి. లినక్స్ దానంతటదే ఎక్కుతోంది, తెర దానంతటదే వస్తోంది. కష్టాలు తగ్గాయి, ఆదివారాలు తగ్గాయి. లిస్టు మాత్రం మిగిలింది. అందులో జోకులు, పెళ్లి శుభాకాంక్షలు, ఎవరి ఫోను మంచిదన్న వాదనలు. మొన్న వానాకాలంలో అక్క నుంచి ఒక మెయిలు వచ్చింది. సబ్జెక్టులో ‘సహాయం కావాలి’ అని ఉంది. లోపల ఒకే వాక్యం: ‘గురువారం పొద్దున ఎవరైనా ఒకరు రాగలరా?’

మీకందరికీ వచ్చింది ఆ మెయిలు. మీరు చూశారు. నేనూ చూశాను.

మనం ఏం చేశాం? కొత్తవాళ్లెవరైనా సరిగ్గా అడగకపోతే పంపడానికి అక్క ఒక జవాబు రాసి పెట్టుకుంది కదా. ‘సబ్జెక్టులో సమస్య రాయండి. లాగ్ జతచేయండి. మీరేమనుకున్నారో కాదు, మెషీన్ ఏమందో రాయండి’ అని. మనలో ఒకరు ఆ జవాబునే తీసి ఆమెకు తిప్పి పంపారు. పేరు చెప్పను. చెడ్డవాడు కాదు, ప్రేమగానే చేశాడు. ఇన్నేళ్లకు అక్క మనకు దొరికిందని సంబరం. దాని కింద నేను ‘సబ్జెక్టు సరిచేసి మళ్లీ పంపండి మేడమ్’ అని రాసి, నవ్వు బొమ్మ పెట్టాను. నా కింద మీరు పెట్టారు. ఆ రోజంతా లిస్టులో నవ్వు బొమ్మలే. ఎవరి ముచ్చట వాళ్లది.

మర్నాడు అక్క జవాబు వచ్చింది. ‘సర్దుకుంది, థాంక్స్.’

అమ్మా, అయ్యా, ఆ మాట ఎవరు రాశారో చూడండి. ఆ మాట రాసినందుకు ఒక మాస్టారి ఇంటికి వెళ్లి, నిజం చెప్పేవరకు కదలని మనిషి రాసింది. మనలో ఒక్కరికైనా అనుమానం రావాలి కదా? ఎలా సర్దుకుందక్కా అని ఒక్కరైనా అడగాలి కదా? మనం మెషీన్ తెర మీద రెండు అక్షరాలు చూసి లోపల ఏం విరిగిందో చెప్పగలిగినవాళ్లం. అక్క రాసిన రెండు మాటలు చూసి, హమ్మయ్య సర్దుకుందట అనుకున్నాం.

ఏం జరిగిందో మొన్న చెల్లెమ్మ చెప్పింది. పొట్టలోకి గొట్టం పంపి చూసే పరీక్ష చేయాలన్నారట ఆసుపత్రిలో. మత్తు ఇస్తారు కాబట్టి పక్కన తోడు మనిషి ఉండి తీరాలన్నారట. అక్కకు ఇంట్లో ఇంకెవరూ లేరు. చెల్లెమ్మ అప్పటికి దూరంలో ఉంది, కాన్పయిన కూతురి దగ్గర. నర్సు అడిగిందట, తోడెవరైనా ఉన్నారా అని. ‘నాకేం, బోలెడంతమంది ఉన్నారు’ అందట అక్క. ఆసుపత్రి బెంచీ మీద నుంచే మనకు ఆ మెయిలు రాసిందట. గురువారం ఒక్కతే వెళ్లిందట. తోడు లేదని పరీక్ష చేయకుండా పంపేశారట. చెల్లెమ్మ వీలు చేసుకుని వచ్చాక గాని ఆ పరీక్ష జరగలేదు. అప్పుడు గాని లోపల పెరుగుతున్నదేమిటో తెలియలేదు.

ముందే చూసినా పెద్ద తేడా ఉండేది కాదని డాక్టరుగారు అన్నారట. చెల్లెమ్మ ఆ మాట నాకు చెప్పింది నన్ను ఊరడించడానికే. ఆమెకు దండం పెడతాను. కానీ ఆ మాట వెనక మనం దాక్కోకూడదు. పరీక్ష ఆలస్యమైందని కాదు నా సిగ్గు. ఆ గురువారం పొద్దున ఆమె అక్కడ వరుసలో కూర్చుని ఉంటుంది కదా. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూసి ఉంటుంది కదా. మనలో ఎవరైనా వచ్చారేమో అని. నాకు కళ్లు మూసినా అదే కనిపిస్తోంది.

సహాయం ఎందుకో ఆమె విడమరిచి ఎందుకు రాయలేదని చాలా ఆలోచించాను. ఆమెకూ చెప్పుకోవడానికి సిగ్గేసి ఉంటుంది. ఊరందరి సిగ్గునూ పోగొట్టిన మనిషికి తన దగ్గరకు వచ్చేసరికి నోరు రాలేదు. అప్పుడు లాగవలసింది మనం. మాస్టారి ఇంట్లో ఆమె కూర్చున్నట్టు, ఆమె ఇంటికి వెళ్లి కూర్చోవలసింది మనం. ఇక్కడి నుంచి ఆమె ఇల్లు ఎంత దూరం? రెండు వీధులు.

అయితే ఇదంతా ఈ సభలో, చెల్లెమ్మ ముందు ఎందుకు చెబుతున్నావు అంటారా? సంఘం పరువు తీస్తున్నానని ఎవరికైనా అనిపిస్తే నేనేం చేయలేను. ఏం జరిగిందో రాయమనేది అక్క. సిగ్గుపడే సంగతి ముందు రాయమనేది. మాస్టారి వైరు ఊడింది. నేను ఫైళ్లు సర్దాను. అక్క పిలిస్తే మనం వెళ్లలేదు. ఇది కూడా జవాబే. రేపు ఇంకొకరు ‘ఏం లేదులే, సర్దుకుంది’ అంటే, మనలో ఎవరికైనా ఇది గుర్తొస్తే చాలు.

చెల్లెమ్మా, క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అది నువ్వు ఇవ్వవలసినదీ కాదు, ఇవ్వవలసినామె లేదు.

నేను ముగిస్తాను. ఆమె గౌరవార్థం రెండు నిమిషాలు మౌనం పాటించమని మిమ్మల్ని కోరమన్నారు. దానికి అందరూ లేచి నిలబడాలి. ఈ గదిలో ఆ మాట ఎలా అడగాలో నాకు ఒకటే పద్ధతి తెలుసు. ఆ గురువారం కోసం ఆమె మనల్ని అడిగిందీ అదే, మనం లేవలేదు. ఆలస్యమైందని తెలిసే అడుగుతున్నాను. దయచేసి ఎవరూ ఫ్యాను వైపు చూడకండి.

లేచేదెవరు?