దారం కొరకని దర్జీ

మధ్యాహ్నం వేళ దర్జీ దుకాణం. షట్టరు సగం దించి ఉంది. ఆయన మిషన్ ముందు, ఆవిడ కింద చాప మీద చొక్కాకి కాజాలు కుడుతూ.

"మళ్ళీ కత్తెరే తీశారు."

"దర్జీవాడు కత్తెర పట్టుకుంటే తప్పా?"

"గుడ్డకి పట్టుకోండి, ఎవరొద్దన్నారు. దారానికెందుకంటున్నా. పెళ్ళయి ముప్పై రెండేళ్ళు. మీరు దారం పంటితో కొరకడం తప్ప ఇంకోలా తెంపడం నేనెరగను. ఎంత పోరినా మానలేదు."

"ఇప్పుడు మానాను. సంతోషించు."

"ఎప్పుడు మానారు?"

"ఎప్పుడో. ముందా కాజాలు కానీ, సాయంత్రం వచ్చి కూర్చుంటాడు ఆ చొక్కావాడు."

"చేతులు కుడుతూనే ఉన్నాయి. నోరే ఖాళీ. రొట్టె పాలల్లో ముంచుకుని తింటున్నారు. నవ్వినా పెదాలు విచ్చుకోవట్లేదు."

"నవ్వొచ్చే సంగతి నువ్వేం చెప్పావు గనక."

"చాక్ గీతల సంగతి చెప్పనా? రోజూ మీ బనీన్లు ఉతకలేక చస్తున్నా. గుడ్డ మీద గీయాల్సినవి ఒంటి మీద గీసుకుంటున్నారా ఏమిటి, నడుం దగ్గరొకటి, పక్కనొకటి?"

"చేతికున్నది అంటుకుంటుంది. నడుం పట్టేస్తే చెయ్యి అక్కడికే పోతుందిగా."

"అంటుకుంటే మరకవుతుంది. ఇవి గీతలు."

"సరే, గీతలే. రేపట్నుంచి జాగ్రత్తగా ఉంటాలే. ఇస్త్రీపెట్టె వేడెక్కిందా? కాస్త గుడ్డ వేడి చేసి కాపడం పెట్టు. మిషన్ తొక్కి తొక్కి నడుం విరిగిపోతోంది."

"పెడతా. ముందు నోరు తెరవండి."

"ఎందుకూ?"

"తెరవండి."

"పట్టపగలు, దుకాణంలో, నేను నోరు తెరుచుకుని కూర్చుంటే..."

"షట్టరు దించే ఉంది. ఎడమ పక్క, కింది దవడ. చూపించండి."

"నువ్వేమన్నా పళ్ళ డాక్టరువా?"

"మీ పెళ్ళాన్ని. ఆరు నెలల్నుంచి అడుగుదామని నోటిదాకా రావడం, మింగెయ్యడం. అడిగితే ఎక్కడ నిజమైపోతుందోనని భయం. ఇవాళ అడుగుతున్నా. ఆ పన్ను ఉందా, లేదా?"

"మాస్టారూ, లోపలున్నారా? నా పాంటు అయిందా?"

"రేపు రండి బాబూ."

"నిన్న కూడా రేపనే అన్నారు."

"కింద మడత ఒక్కటే మిగిలింది. రేపు పొద్దున తప్పకుండా."

"ఒట్టేనా?"

"దర్జీ మాటకి ఒట్టు కూడానా. రండి, రేపు రండి."

"వెళ్ళాడు. ఇక చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"పన్ను."

"ఊడిపోయింది."

"ఊడిందా, పీకించుకున్నారా?"

"కదులుతుంటే... అదే... ఎవరూ పీకలేదు."

"ఎవరూ పీకకుండా దానంతటదే లేచి వెళ్ళిపోయిందా?"

"గుండీలు కుట్టే దారం కట్టాను. మైనం పూసినది. రెండో కొస మిషన్ చక్రానికి చుట్టి, ఒక్క తొక్కు తొక్కాను."

"మిషన్‌తోనా."

"నొప్పి కూడా తెలియలేదు. ఒక్క కుట్టు పడేంత సేపు."

"నన్ను నవ్వించాలని చూడకండి. మీ వెనక గోడకి నేనే మేకు కొట్టి తగిలించానే, ఆస్పత్రివాళ్ళ కార్డు, దాని మీద ఏముంది? చదవండి."

"తెలుసులే."

"చదవండి."

"'మాకు చెప్పకుండా పన్ను తీయించుకోరాదు.'"

"ఎందుకు తీయించుకోరాదో నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఆ ఇంజెక్షన్ మీ ప్రోస్టేట్ క్యాన్సర్‌ని ఎముకల్లోకి పాకకుండా ఆపుతుంది, కానీ..."

"ఆపదు. ఆలస్యం చేస్తుంది. డాక్టరు ఆ మాటే అన్నాడు, ఆలస్యం చేస్తుంది అని."

"ఆలస్యమే చాలు మనకి. కానీ ఏళ్ళ తరబడి వేయించుకుంటే దవడ ఎముకకి దెబ్బ తగిలినప్పుడు అది మానదు, చచ్చిపోతుంది అని చెప్పింది. మీరు నెలకొకటి చొప్పున అయిదేళ్ళు వేయించుకున్నారు. అందరికీ రాదు, కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ భయం పెరుగుతుందంది. అంత చెప్పాక, ఎవరైనా పంటికి దారం కట్టి మిషన్ తొక్కుతారా?"

"అందుకే తొక్కాను. నీకు బస్సు డ్రైవరు గుర్తున్నాడా? ఇంజెక్షన్ వరసలో నా పక్కన కూర్చునేవాడు."

"జోకులేసేవాడు. ఏమైంది?"

"గడ్డం కింద చిల్లు పడింది. చీము. నోట్లో ఎముక బయటికి కనిపిస్తోందట, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని చెప్పాడు. వాడి పన్ను పళ్ళ డాక్టరే పీకాడు. ఆ మర్నాడే నా పన్ను కదలడం మొదలెట్టింది. కదిలించింది నా భయమేనేమో, తెలీదు. డాక్టర్లు గెలికితే నాకూ అంతేననుకున్నా. నా చేత్తో నేను తీసుకుంటే సుతారంగా వస్తుందనుకున్నా."

"సుతారంగా. మిషన్ చక్రానికి కట్టి. సరే, పచ్చి గాయం పెట్టుకుని ఆరు నెలలు ఆ సూది వేయించుకున్నారన్న మాట. ఫోనిటివ్వండి. నర్సమ్మకి చెబుతా."

"వద్దు."

"ఇవ్వండి. ఇంజెక్షన్ ఆపేస్తారని కదూ? ఆపితే ఆపనీండి. దవడ పుచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"ఆపడానికేం లేదు."

"అంటే?"

"నేనే ఆపేశా."

"ఎప్పుడు?"

"పన్ను పీక్కున్న వారం. ఇక వద్దని సంతకం పెట్టొచ్చా."

"మరి నెలనెలా, మొదటి మంగళవారం, టిఫిన్ కూడా తినకుండా వెళ్ళేది ఎక్కడికి?"

"గుండీల హోల్‌సేలు కొట్టుకి. కుర్చీ వేస్తాడు. రెండు గంటలు కూర్చుని వస్తా."

"జబ్బ మీద దూదీ, ప్లాస్టరూ?"

"మందుల షాపులో అమ్ముతారు."

"ప్రతిసారీ దాన్ని నేనే ఊడదీశా. వెంట్రుకలు లాగుతాయని నీళ్ళతో తడిపి. మెల్లిగా, మెల్లిగా అన్నారు కూడా."

"అన్నాను."

"సూదే గుచ్చని చోట."

"భయమేసిందే. వేయించుకుంటే దవడ, మానేస్తే ఎముకలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యిని డ్రైవరు మొహంలో కళ్ళారా చూశాను. గొయ్యిని ఇంకా చూడలేదు. అందుకని గొయ్యి వైపు నడిచాను."

"నాతో ఒక్క మాట అనచ్చుగా."

"నువ్వు వేయించుకోమంటే భయం, మానెయ్యమన్నా భయమే."

"సంతకం పెడుతుంటే డాక్టరేమన్నాడు?"

"తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. ఇన్నేళ్ళు వేస్తే ఎవరికేమవుతుందో మేమూ చూస్తూ నేర్చుకుంటున్నాం, మీ భయం నాకర్థమైంది అన్నాడు. మూడు నెలలకోసారి రండి, స్కాన్ తీద్దాం, ఎక్కడైనా కొత్తగా నొప్పొస్తే మాత్రం ఆ రోజే రండి అన్నాడు."

"వెళ్ళారా?"

"నోరు చూస్తానన్నావు, చూడవే?"

"ఈ లైటు కిందకి రండి. ఇంకా తెరవండి. నాలుక పక్కకి."

"ఆఁ..."

"మాట్లాడకండి. ఏదీ... ఇక్కడా?"

"ఊఁ."

"మానింది. పూర్తిగా మానింది. చిగురు గులాబిరంగులో శుభ్రంగా ఉంది. చీము లేదు, ఎముకా లేదు. నొక్కుతున్నా, నొప్పా?"

"లేదు."

"గట్టిగా నొక్కినా?"

"లేదన్నాగా."

"అమ్మయ్య. ఆరు నెలలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మీ పక్కన పడుకున్నా. దవడ బాగుంది. అబద్ధాలాడితే ఆడారు, దవడ బాగుంది."

"ఏడుస్తున్నావా?"

"ఏడిస్తే ఏం. రేపు ఇద్దరం ఆస్పత్రికి వెళ్దాం. పన్ను సంగతీ, మిషన్ సంగతీ నేనే చెబుతా, తిడితే నేనే పడతా. మళ్ళీ మొదలెట్టాలో వద్దో వాళ్ళే చెబుతారు. ఇక మీరు ఒక్కరే భయపడక్కర్లేదు, వింటున్నారా?"

"వింటున్నా."

"రండి, ఆ కటింగు బల్ల మీద బోర్లా పడుకోండి. ఇస్త్రీపెట్టె కాగింది. కాపడం ఎక్కడ పెట్టను, నిన్నటి చోటేనా?"

"నిన్నటి చోటే. ఇదిగో, విను. ఆ చాక్ గీతలు..."

"ఇప్పుడా బనీన్ల గొడవెందుకు. ఎన్నైనా ఉతుకుతాలెండి."

"అంటుకున్నవి కావు. నేను గీసుకున్నవే. రోజూ సాయంత్రం, ఎక్కడ నొప్పుంటే అక్కడ. మిషన్ నొప్పయితే ఒక్క చోటే ఉంటుంది కదా, జరగదు కదా, అది చూసుకుందామని. నడుం అంటే మిషనే అనుకున్నా. పక్కటెముకలతో ఎవరూ మిషన్ తొక్కరు కదే. మర్నాటికి నువ్వు ఉతికేసేదానివి. నాకూ గుర్తుండకపోతే బాగుండనిపించేది. ఏమిటే, కాపడం ఆపేశావు?"

"మొదట్లో ఒక్కటే ఉండేదండీ. నిన్న నేనుతికిన బనీను మీద అయిదున్నాయి."