రాతికంబానికి చీర

ఎన్నూరు సముద్రపు ఒడ్డున, పసుపు పూసి చీర కట్టిన రాతికంబం ముందు ముసలి తల్లీ, ఆమె కూతురూ నిలబడి ఉన్నారు.

"అమ్మమ్మను కట్టేసింది ఈడనేనా అమ్మా?"

"ఈడనే. చేతబడి చేసిందని గుండు గీయించి, ఊరంతా చూసేటట్టు కట్టేసినారు."

"నిజంగా ఏం చేసింది?"

"పక్కింటి బిడ్డకు జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చింది. బిడ్డ దక్కలేదు."

"నువ్వు చూసినావా?"

"చూసినా. చిన్నపిల్లను, అమ్మ దగ్గరికి పోకుండా ఎవరో పట్టుకోనుండారు. పొద్దుగూకినాక విప్పినారు. ఆ పడిన మనిషి మళ్ళీ లేవలేదు."

"మరి ఈ పసుపూ, చీరా ఏంది?"

"మా అమ్మ పోయినాక ఊళ్ళో మసూచి వచ్చింది. ఆమే పగబట్టిందని భయపడి దేవతను చేసినారు. కట్టేసినోళ్ళ మనవరాళ్ళే ఇప్పుడు పొంగలి పెడతా ఉండారు."

"నేను పోయి చెప్తా, ఆమె మా అమ్మమ్మ అని."

"చెప్పు. నీ కాళ్ళకూ మొక్కుతారు, అంతే."

"సరి, ఇంత దూరం వచ్చినాం గదా. నువ్వూ ఏమన్నా కోరుకోమ్మా."

"ఆమెను నేనేం అడిగేది? ఆ పొద్దు ఆమె ఈ ఊరోళ్ళను గుక్కెడు నీళ్ళడిగింది. ఒక్కరూ ఇయ్యలేదు."