మామగారి జెండా

అది కాదండీ కార్యదర్శిగారూ! కూర్చోమంటే కూర్చుంటాను గానీ, ముందు నా మాట వినండి. ఫోన్లో ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తే ఎలాగండీ? "మీ అమ్మాయిని ఇక పంపించొద్దు." అంతేనా! మా కొంపంతా తలకిందులు చేసి, ఇప్పుడు చేతులు దులుపుకుంటారా?

తలకిందులు కాక ఏమిటండీ? మీ యువదళంలో చేరకముందు మా పిల్లకి నోట్లో నాలుకుండేది కాదు. మీరేమో నాయకత్వం నేర్పారు. నేర్చుకున్నది ఎవరిమీద చూపిస్తుంది? ఇంట్లో దొరికేది మేమే కదా! పొద్దున్నే ఈల. వాళ్ళ నాన్న నోట్లో బ్రష్షుతోనే వరసలో నిలబడాలి. వంటేమిటో తేల్చడానికి ఓటింగు. ఓటింగులో ఓడిపోయేది నేను, వండేదీ నేనే! ఇదెక్కడి ప్రజాస్వామ్యమండీ?

సరే, దేశభక్తి కదా అని ఓర్చుకున్నాం. పైగా మీరు స్వాతంత్ర్య యోధుల వారసుల్నే చేర్చుకుంటారాయె. మాకు మామగారున్నారు. ఉన్నారంటే, ఫోటోలో లెండి. ఊరేగింపులో జెండా పట్టుకుని అందరికంటే ముందు నడిచారని, కాల్లో తూటా దిగి జన్మంతా కుంటుతూనే గడిపారని ఊరంతా చెప్పుకునేది. కాపురానికొచ్చిన కొత్తలో ఆయన కుంటుతూ వస్తుంటే నేను లేచి నిలబడేదాన్ని!

మరి మీ చరిత్ర మాస్టారు ఊరుకున్నారా? "ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, విన్నది విన్నట్టు వేదిక మీద చెప్పండి" అన్నారు. మా పిల్ల వెళ్ళి మా అత్తగారి పక్కన చతికిలబడింది. ఆవిడ బఠాణీలు వలుస్తూ, "ఇన్నేళ్ళకి నన్నడిగినదానివి నువ్వేనే తల్లీ" అని గుట్టంతా విప్పేసింది.

తర్వాతది పిల్ల వేదికెక్కి చెబుతుంటే మీరూ విన్నారుగా, ముందు వరసలోనే ఉన్నారు. పోలీసులు రాగానే మామగారు "ఇది పట్టుకో, ఇప్పుడే వస్తా" అని జెండా పెళ్ళాం చేతిలో పెట్టి గోడ దూకారట. అవతల అద్దకంవాళ్ళ నీలిరంగు తొట్టి! కాలు విరిగింది అందులోనేనట. ఒంటి రంగు వదిలేదాకా బయటికి రాలేదట మహానుభావుడు.

ఈవిడేమో, మొగుడు వస్తానన్నాడు కదా అని అక్కడే నిలబడిపోయింది. జనమంతా పరిగెత్తినా కదల్లేదు. లాఠీ దెబ్బలూ తింది, జైలుకీ పోయింది. తిరిగొచ్చేసరికి ఇంటినిండా జనం, మొగుడి మెళ్ళో దండలు. వచ్చినవాళ్ళందరికీ ఈవిడే వండి పెట్టిందట!

హాలంతా గొల్లుమంది. మా ఆయన కుర్చీ కిందికి దూరిపోయాడు. నేను బిక్కుబిక్కుమంటూ అత్తగారి వైపు చూద్దును కదా, ఆవిడ చప్పట్లు కొడుతోంది!

మర్నాడే మీ ఫోను. తాత యోధుడు కాడు, కాబట్టి పిల్ల వారసురాలు కాదు. బాగుంది. మరి ఆవిడ మాటేమిటండీ?

ఏమిటీ? ఊరికే నిలబడితే పోరాటం కిందికి రాదా? అయితే ఆదివారం ఆదివారం మా పిల్ల చేతికి జెండా ఇచ్చి, మాడు పగిలే ఎండలో ఎందుకు నిలబెడుతున్నారండీ?

నవ్వకండి. చెప్పండి.

సాక్ష్యమా? బయట బెంచీమీద కూర్చునుంది సాక్ష్యం. పిలవమంటారా? పిలుస్తాను గానీ, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదన్న కసంతా మీమీద తీర్చుకుంటుంది, తర్వాత నన్నని లాభం లేదు.

వద్దా? పిల్లని నానమ్మ పేరుమీదే ఉంచేస్తారా? హమ్మయ్య. చల్లగా ఉండండి.

వెళ్తాను. ఒక్కమాట... ఎవరితోనూ అనకండేం. మీరు ఫోన్ చేసినప్పుడు నాకు సంతోషమే వేసింది. అబద్ధమెందుకు? పీడ వదిలింది, పిల్ల ఇక మామూలు పిల్లలా ఉంటుందనుకున్నాను. ఉంది కూడా. యూనిఫాం మడతపెట్టి బీరువా అడుగున తోసేసింది. తినమంటే తింది. టీవీ పెట్టనా అంటే "నీ ఇష్టం అమ్మా" అంది. బయటికి పోదామా అంటే "నీ ఇష్టం". ఏడ్చినా, నామీద అరిచినా తట్టుకునేదాన్నేమో. ఆ "నీ ఇష్టం" వినలేకపోయానండీ.

పంపిస్తాను లెండి. మా ఖర్మ, పడతాం!