బరువు మోయని టవర్

(పొద్దున పూట, మేడ మీద. ఒక సెల్ కంపెనీ ఇంజనీరు ఫోను పట్టుకుని నీళ్ళ ట్యాంకు ఎక్కాడు. పోటీ కంపెనీలో పనిచేసే అతని బావమరిది కింద నిచ్చెన పట్టుకున్నాడు.)

"సిగ్నల్ వచ్చిందా బావా?"

"ఒక గీత వచ్చి పోయింది. నిచ్చెన కదపకు."

"నేను కదపట్లేదు, నువ్వే వణుకుతున్నావు. మీ పెద్దసారు ఎన్నింటికి చేస్తానన్నాడు?"

"తొమ్మిదింటికి. మేనేజరు పోస్టు నాకో కాదో ఇవాళే చెబుతాడు. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నానురా. ఇదీ పోతే మీ అక్కకి ఏం మొహం చూపించను?"

"తొమ్మిదీ పదయింది."

"తెలుసు."

"వెనక వీధిలో మా టవర్ ఉందిగా. మీ యాంటెన్నా ఒకటి దానికి తగిలించుకోవాల్సింది."

"అడిగాంగా. టవర్ బరువు మోయలేదని మీవాళ్ళే ఉత్తరం రాశారు."

"ఆ ఉత్తరం నేనే రాశాను."

"నువ్వా? సొంత అక్క ఇంట్లో ఫోను మోగకుండా చేశావటరా!"

"మరి బజారులో మీ టవర్ మేం అడిగితే, బరువు మోయలేదని ఎవరు రాశారు?"

"నేనే. ఏనుగునెక్కించినా ఆగుతుందది."

"మీ ఉత్తరాన్నే ఎదురుగా పెట్టుకుని, కంపెనీ పేరు మార్చి పంపాను. బాగా రాశావు, నాకు పని తప్పింది."

"సొంత కంపెనీ సిగ్నల్ కోసం ట్యాంకెక్కిన ఇంజనీరుని నేనొక్కణ్ణే అయ్యుంటాను."

"దిగు. నా ఫోన్లోంచి చెయ్యి."

"మీ కంపెనీ నంబరు చూశాడంటే పోస్టు దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం ఊడుతుంది."

"తొమ్మిదీ ఇరవై, బావా."

"సరే, దిగుతున్నా. ఇటివ్వు... అందుబాటులో లేరంటోంది."

"ఆయన ఇంటి దగ్గర కూడా మా టవరే ఉంది. ఇదిగో, ఈ నంబరుకి చెయ్యి."

"ఇదెవరిది?"

"ఆయనదే. నిరుడు మా దగ్గర తీసుకున్నాడు. ఫారం నింపింది నేనే. స్పీకరు పెట్టు, నేనూ వింటా."

"సార్, నేనండీ."

"ఏమయ్యా, ఇందాకట్నుంచి చేస్తుంటే తగలవే? ఇదెవరి ఫోను?"

"మా బావమరిదిదండీ. మరి... ఇది?"

"ఇదీ మా బావమరిదిదే. సర్లే, పోస్టు నీదే. మొదటి పని చెబుతా విను. పోటీ కంపెనీవాళ్ళు మన బజారు టవర్ మళ్ళీ అడుగుతున్నారు. బరువు మోయలేదని ఘాటుగా ఓ ఉత్తరం రాసెయ్. వినిపిస్తోందా?"

"చక్కగా వినిపిస్తోందండీ. ఇప్పుడే రాసేస్తాను."