ఆయుధాల పాఠం వదులుకోని మసరత్ గారు

1995 ఆగస్టు పదిహేడవ తేదీన పులివెందులలో రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలిగా ఉద్యోగ జీవితాన్ని ప్రారంభించిన శ్రీమతి మసరత్ గారు, మూడు దశాబ్దాలు దాటిన అవిచ్ఛిన్న సేవానంతరం నేడు మన ప్రొద్దుటూరు కళాశాల నుండి పదవీ విరమణ చేస్తున్నారు.

ఏ దేశమూ కేవలం స్నేహం కోసం ఆయుధాలు అమ్మదని, తన కర్మాగారాల మనుగడను, చమురు మార్గాల భద్రతను, కొనేవారిపై తనకు దక్కే పట్టును బేరీజు వేసుకున్నాకే సంతకం చేస్తుందని వారు తొలి ఏటి నుండే బోధించారు.

2010లో జమ్మలమడుగుకు బదిలీ అయ్యారు. అక్కడ 2019లో ఆ పాఠమే వారికి పరీక్షగా పరిణమించింది. గొర్రెల పెంపకందారు రంగన్న గారి కుమారుడు సరిహద్దులో సైనికుడు. కుమార్తె వర్షిత మసరత్ గారి విద్యార్థిని. మనకు ఆయుధాలమ్మే దేశమే మన ప్రత్యర్థికీ అమ్మవచ్చని వర్షిత ఇంట్లో చెప్పగా, మేడమ్ సైన్యాన్ని కించపరుస్తున్నారని రంగన్న గారు ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు. తన దేశభక్తిని శంకించిన ఆ కాగితం చదివి మసరత్ గారు ఎంతో నొచ్చుకున్నారు. క్షమాపణ రాసిచ్చి, ఆ పాఠం వదిలేయమని ప్రిన్సిపాల్ సూచించారు.

"తప్పుంటే దిద్దుకుంటాను సార్. ముందు ఆయన్ను నా క్లాసులో కూర్చోబెట్టండి" అన్నారు వారు.

మరునాడు వెనుక బెంచీలో కూర్చున్న రంగన్న గారు పాఠం మధ్యలోనే లేచారు.

"మా వాడు ఆడ మంచులో కాపలా కాస్తాండాడు. దోస్తు దేశమని మనం కొంటాంటే, అవతలోళ్లకు గూడా అమ్ముతారా? ఇదేం న్యాయం మేడమ్?"

"న్యాయం కాదు రంగన్నా, వాళ్ల లాభం. నువ్వు పొట్టేలు అమ్మితే బేరం ఆడనే అయిపోతాది. యుద్ధవిమానం అట్ల కాదు. దాని విడిభాగాల కోసం ముప్పై ఏండ్లు వాళ్ల గడపే తొక్కల్ల. మన మీద కోపమొస్తే ఆపేస్తారు."

రంగన్న గారు ఒక అడుగు ముందుకొచ్చారు. "అంటే తుపాకి మా వాడి చేతిలో ఉన్నా, తాళం వాళ్ల దగ్గరుంటాదా?"

"శానాసార్లు అంతే. అందుకే మనకు కావల్సినవి మనమే చేసుకోవల్ల. ఈ సంగతి పిల్లోళ్లకు తెలియకుంటే ఎట్లా?"

ఆయన నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, "ఆ కాగితం ఇట్లియ్యండి సార్. ఈ పాఠం మా వాడికి గూడా చెప్పల్ల" అంటూ ఫిర్యాదును వెనక్కి తీసుకున్నారు. నేడు వర్షిత ఆయుధ ఒప్పందాలపైనే పరిశోధన చేస్తున్నారు.

2021లో ప్రొద్దుటూరుకు వచ్చాక మా స్టాఫ్‌రూమ్‌ను సైతం వారు తరగతిగా మార్చారు. పత్రికలో ఏ ఒప్పందం వార్త కనిపించినా, "అమ్మేవాళ్లకు ఏంది లాభం?" అని అడగడం మాకందరికీ అలవాటైంది.

భర్త జమాల్ గారి సాహచర్యంలో మసరత్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో దీర్ఘకాలం జీవించాలని, మా విద్యార్థులు సందేహాలతో వారి ఇంటి తలుపు తట్టినప్పుడల్లా "లోపలికి రాండి" అనే ఆ గొంతు మరెన్నో ఏళ్లు ఇంతే ధీమాగా వినిపించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.