బావగారి కిడ్నీలో రాయి

కోల్డ్ స్టోరేజీ గేటు పక్కన టీ బడ్డీలో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పొయ్యి వెనక బడ్డీ నడిపే ఇల్లాలు అంతకంటే ఉడికిపోతోంది. పొద్దున్నే మొగుణ్ణి ఆసుపత్రిలో చేర్పించి, అత్తను పక్కన కూర్చోబెట్టి, అప్పుడే వచ్చి బడ్డీ తెరిచింది. ఎదురుగా బెంచీ మీద, ఆ కోల్డ్ స్టోరేజీలోనే మేస్త్రీ అయిన మొగుడి అన్న ఇవేమీ తెలియక కోతలు కోస్తున్నాడు.

"ఎండ తగలని పని కదా, ఒంట్లో డి విటమిన్ అడుగంటిందన్నాడు డాక్టరు. వారానికొక గుళిక రాశాడు. వారానికొకటి ఏ మూలకిరా? రోజుకొకటి వేశా! నెల తిరిగేసరికి ఎముకలు ఇనుప కమ్మీలే. ఐసు గది తలుపు బిగుసుకుంటే భుజంతో ఒక్క తోపు తోశా, ఊడి రోడ్డు మీద పడింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది మేస్త్రీ?" అన్నాడు పక్కనే కూర్చున్న ప్యాకింగు అతను.

"కిడ్నీలో రాయి! అల్లాటప్పా రాయా, నిమ్మకాయంత! దాన్ని చూసి స్కానింగు మిషనే దడుచుకుని ఆగిపోయింది. ఆపరేషనన్నారు. పొండెహె అని రెండు బిందెల నీళ్ళు తాగి కిమ్మనకుండా కూర్చున్నా. అదొచ్చిన ఊపుకి బేసిన్ బద్దలై, స్లాబు పగిలి, కింద అంతస్తులో నర్సమ్మ పరుగో పరుగు! ఇప్పటికీ అంబులెన్సు వెనక్కి దొర్లకుండా చక్రం కింద ఆ రాయే పెడతారు."

బెంచీ అంతా గొల్లున నవ్వింది. ఆవిడకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

ప్యాకింగు అతను జేబులోంచి గుళికల పట్టీ తీశాడు. "నాకూ వారానికొకటే రాశాడు. రేపట్నుంచి రోజూ వేసేస్తా మేస్త్రీ."

"వేసెయ్! పూచీ నాది!"

గరిటె ఠంగుమని కింద పడింది. ఆవిడ ఆ పట్టీ లాక్కుని, ఒక గుళిక తీసి, నీళ్ళ గ్లాసుతో సహా బావగారి ముందు పెట్టింది.

"మింగండి."

"ఇప్పుడా? ఇప్పుడే టీ తాగానమ్మా..."

"మింగండి బావగారూ! గుళిక గొంతు దిగక, పట్టీలన్నీ మీ తమ్ముడికి అంటగట్టింది మీరు కాదూ? రోజుకొకటి వేస్తే దున్నపోతులా తయారవుతావన్నది మీరు కాదూ? అన్న మాటే వేదమనుకున్నాడు వెర్రిబాగులాయన. ఇప్పుడు కిడ్నీలో రాయితో ఆసుపత్రి మంచం మీద మెలికలు తిరిగిపోతున్నాడు. నిమ్మకాయంత కాదండీ, శనగ గింజంత! దానికే ప్రాణం పోతోందని ఏడుస్తున్నాడు. ఆ గుళికలు రోజూ మింగబట్టే ఇదంతా అని డాక్టరు నన్ను తిట్టాడు, నన్ను!"

బావగారు గ్లాసు పక్కకు నెట్టి లేచి నిలబడ్డాడు.

"నాకు... నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఆ నొప్పిలో కూడా మీ తమ్ముడు ఏమన్నాడో తెలుసా?" ఆవిడ కింద పడ్డ గరిటె తీసుకుంది. "'అన్నయ్యకి చెప్పకే, బెంగ పెట్టుకుంటాడు' అన్నాడు."